ఎలాంటి ఎరుపు?

వైటూకే కంప్యూటర్ పనుల మీద ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చిన కొత్తలో, ఒక శనివారం సిటీ బస్సులో నా చేతిలోని తెలుగు వారపత్రిక చూసి పక్కసీట్లోని ఒక హైదరాబాద్ ఆంటీ పలకరించింది.

“సోమవారం కంటి ఆపరేషన్ బేటా. చూపు ఉంటదని డాక్టర్ గ్యారంటీ ఇస్తలేడు. అందుకే జపనీస్ గార్డెన్ చూసొస్తా. నువ్వు గూడ రా.”

కాదనలేక దిగాను. మే నెల, అక్కడ ఆకురాలు కాలం. కొలను గట్టున మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి, గింకో ఆకులు పసుప్పచ్చగా రాలుతున్నాయి. ఆవిడ తనివితీరా చూసి, బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

“ఇప్పుడు చెప్పు. ఆ మేపుల్ ఎట్లున్నది?”

“ఎర్రగా ఉంది ఆంటీ.”

“ఎసొంటి ఎరుపు? ఎండుమిరపకాయ లెక్కనా, దానిమ్మగింజ లెక్కనా?”

లేచి చెట్టు కిందికి వెళ్లి చూశాను.

“పైన ఎండుమిరపకాయే. ఎండ తగలని కొమ్మలు మాత్రం మామిడి చిగురు రంగులో ఉన్నాయి.”

ఆవిడ కళ్లు తెరవకుండానే నవ్వింది.

“కనబడ్తున్నది. ఇగ ఏమైనా గానీ, ప్రతి ఏడాది వస్తా. చెప్పెటోళ్లు బస్సుల దొరుకుతరు.”

ఆపరేషన్ ఎలా జరిగిందో నాకు తెలియలేదు. ఆ శనివారం సాయంత్రం గుంటూరులో ఉన్న మా ఆవిడకి ఫోన్ చేశాను. అంతవరకూ తిన్నావా, పడుకున్నావా అని అడిగి పెట్టేసేవాణ్ణి. ఆ రోజు ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయేదాకా ఆ తోటలో ఒక్కొక్క చెట్టు గురించీ చెప్పాను.