కాలికి తెలిసింది

మిత్రులారా, ఈ రోజు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు! మా అమ్మాయికి నెల్లూరు ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. పొత్తిగుడ్డలోంచి బయటికొచ్చిన ఆ పాదం నా అరచేతికి తగలగానే, అరవై ఏళ్ల కిందటి మా కోట ఊరి వైపు ఉప్పుటేరు గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన అమ్మలు నడుం లోతు బురదనీళ్లలో దిగి, తాటాకు బుట్ట పళ్లతో కరిచి పట్టుకుని, కాళ్లతో తడిమి రొయ్యలు పట్టేవాళ్లు. "కంటితో ఎతికితే ఏం దొరకదురా, కాలికే తెలస్తది" అనేది మా అమ్మ.

ఒకరోజు మూడేళ్ల మా చెల్లెలు గట్టు మీది నుంచి జారి ఆ ఏట్లో పడిపోయింది. ఊరంతా దిగి వెతికారు. చివరికి మా అమ్మ కాలికే తగిలింది. వంగి, బిడ్డను పైకి తీసింది. చల్లబడిన ఆ పాదాన్ని నేనూ పట్టుకున్నాను.

పదిరోజులకే అమ్మ బుట్ట తీసుకుని అదే ఏట్లోకి దిగింది.

"అమ్మా, ఆ నీళ్ల మీద నీకు కోపం లేదా?" అని ఏడ్చాను.

"ఉండాది అబ్బయా. మీ ఆకలీ ఉండాది గదా" అనింది.

ఆ పూట రొయ్యల కూర తిన్నాను. ఎంతో రుచిగా ఉంది. ఆ రుచికి ఇన్నేళ్లూ సిగ్గుపడుతూనే ఉన్నాను.

"ఏంది నాయనా, బిడ్డ పుడితే ఏడస్తా ఉండావు?" అని మా అమ్మాయి కసురుకుంది.

"సంతోషం తల్లీ" అన్నాను. అబద్ధం చెప్పలేదు. వెచ్చగా ఉందండీ ఆ పాదం!