సిరిసిల్ల దోస్తు జాగా

జగిత్యాలలో టవర్ దగ్గరి సందులో మాది ఫ్రేములు కట్టే దుకాణం. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు కూడా కడతాను కానీ, నిజం చెప్పాలంటే నా ఇల్లు గడిచేది పోయినవాళ్లతోనే. దినాలకు ఫోటో కావాలని ఏడుపు మొహాలతో వస్తారు, అర్జెంటంటారు, పైగా బేరమాడతారు. మా ఆయన ఉన్నప్పటి నుంచి ఒకటే కట్టుబాటు. బతికున్న మనిషి ఫోటోకు బొట్టు దిద్ది కట్టం. బొట్టు పడిందంటే ఆ మనిషి లేనట్టే. ఒకసారి ఒకడు ఆసుపత్రిలో ఉన్న తండ్రి ఫోటో పట్టుకొచ్చి, ఎట్లాగూ రేపో మాపో కదా, ముందే కట్టిపెట్టమన్నాడు. వాడిని తిట్టిన తిట్లకు పక్క దుకాణం వాళ్లు బయటికి వచ్చి చూశారు.

ఒక రిటైర్డ్ జవాను మెడల్స్‌ను మఖ్మల్ మీద పరిచి కట్టిన ఫ్రేము ఒకటి ముందర వేలాడదీశాను. అది చూసే కోరుట్ల ముసలాయన ఒకాయన లోపలికి వచ్చాడు, చాచా అని పిలిచాను. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, మోకాళ్లు సరిగా మడతపడవు. తువ్వాలలో చుట్టి తెచ్చిన మెడల్స్ నా బల్ల మీద పెట్టాడు.

"నేవీల జేసిన బిడ్డా. లడాయిల ఉన్న. మా ఓడల మన దిక్కు పోరగాండ్లం నలుగురం ఉంటిమి. నలుగురియి తెచ్చి ఒక్క ఫ్రేముల కట్టాలె. నాది, మా సిరిసిల్ల దోస్తుది పక్కపక్కకు ఉండాలె."

"మిగిలిన ముగ్గురు ఉన్నారా చాచా?"

"ఇద్దరు ముసలోళ్లై పోయిండ్రు. సిరిసిల్లోడు లడాయిలనే కనబడకుంట పోయిండు."

ఆ వస్తువులు తెచ్చే పని నామీదే పడింది. ఆయన మోకాళ్ల సంగతి ఒకటి, ఆడమనిషి అడిగితే సిరిసిల్ల వాళ్లు ఇస్తారన్న ఆశ ఒకటి. నాకు పాత వస్తువులంటే పిచ్చి, అడిగించుకోకుండానే ఒప్పుకున్నాను. ఎవరి పిచ్చి వాళ్లకు ఆనందం.

పెగడపల్లిలో, ఆ పోయిన ఇద్దరిలో ఒక నావికుడి కోడలు, ఆయన ఓడ నుంచి తెచ్చుకున్న ఇత్తడి తూటా గొట్టంలో ఎల్లిపాయలు దంచుతోంది. ఎన్ని నీళ్లతో కడిగినా ఇప్పటికీ దానికి ఆ వాసన పోలేదు. ఆమెకు కొత్త రోలు కొనిచ్చి దాన్ని తెచ్చుకున్నాను. మెట్‌పల్లిలో రెండో ఆయన ఇంట్లో ఇంకా ఘోరం. వెండి అనుకుని మెడల్‌ను అవుసలాయన దగ్గరికి తీసుకెళ్లారట. ఆయన అంచు గీకి చూసి వెండి కాదన్నాడట. దాంతో మనవడు దాన్ని బండి తాళంచెవికి తగిలించుకున్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. నాకు ఒళ్లు మండి, ఆ పిల్లవాడి చేతిలోంచి తాళంచెవి లాక్కుని నేనే విప్పుకున్నాను.

సిరిసిల్లలో మాత్రం నా నోరు పనిచేయలేదు.

సాంచెల, అంటే మరమగ్గాల మోత మధ్య ఒక రెండు గదుల ఇల్లు. తప్పిపోయిన నావికుడి చెల్లెలు ఒక్కతే ఉంటుంది. డెబ్బై దాటినట్టుంది, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను వచ్చిన పని చెప్తే పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవర్లో దాచిన అన్న ఫోటో చూపించింది. నావికుడి టోపీ, నవ్వీ నవ్వని మొహం. పక్కనే మెడల్ వచ్చిన అట్టపెట్టె ఉంది. దాని సీలు కూడా విప్పలేదు.

"ఆయిన వచ్చి ఇప్పుకుంటడు అన్నది మా అమ్మ. కనబడలేదు అని రాసిండ్రు గని చచ్చిండని మాకు చూసి చెప్పినోడు లేడు బిడ్డా. కనబడనోడు, చచ్చినోడు ఒక్కటేనా?"

భీవండి మిల్లుల్లో పనికి పోయిన ఊరివాడెవడో అక్కడ అచ్చం అటువంటి మనిషినే చూశానన్నాడట. తల్లి ఇక్కడ పని విడిచిపెట్టి భీవండి సందులన్నీ తిరిగి వచ్చిందట. చచ్చేదాకా రాత్రిపూట తలుపుకు గొళ్లెం పెట్టనివ్వలేదట. పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇవ్వడం మా దిక్కు ఆచారం. ఈమె తండ్రికి ఇస్తుంది, తల్లికి ఇస్తుంది, అన్నకు మాత్రం ఇవ్వదు.

"బతికున్నోని పేరు మీద ఇస్తె ఆయుస్సు తక్కువైతది" అంది. మెడల్ ఇవ్వనంది. నేనూ మళ్లీ అడగలేదు. బతికున్నవాళ్లకు బొట్టు పెట్టని దుకాణం నాది, ఆ మాట నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది.

కోరుట్ల వెళ్లి చాచాకు ఇదంతా చెప్పాను. గొళ్లెం మాట చెప్తుంటే ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. సౌదీలో ఉన్న కొడుకు ఆయనను ఉమ్రాకు, మక్కా యాత్రకు తీసుకెళ్లడానికి టికెట్ తీశాడు. ప్రయాణానికి ముందు, తాము ఎవరికి అన్యాయం చేశారో వాళ్ల ఇళ్లకు వెళ్లి మాఫీ అడుక్కోవాలి.

"అందర్నీ అడిగిన. గా ఒక్క ఇల్లే మిగిలింది. అడగకుంట నేను మక్కకు ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

ఏం తప్పు చేశావంటే చెప్పలేదు. అక్కడే చెప్తానన్నాడు. రెండు రోజులకు కారు మాట్లాడుకుని ఇద్దరం సిరిసిల్ల వెళ్లాం.

అన్న దోస్తు వచ్చాడనగానే ఆమె మొహం వెలిగిపోయింది. "కూసో అన్నా, కూసో" అంటూ కుర్చీ దులిపింది, చాయ్ పెట్టింది. ఆయన చాయ్ ముట్టలేదు.

"చెల్లె, మీ అన్న పోయిండు. నేను జూసిన."

ఆమె చాట పక్కన పెట్టింది.

"ఓడకు దెబ్బ తగిలి కొంతమందిమి నీళ్లల్ల పడ్డం. ఓడ ఆగలే. మా ఇద్దరికి ఒక్కటే తేలే ట్యూబు దొరికింది. చానాసేపు పట్టుకొని ఉన్నం. మీ అన్న చేతులు సల్లవడ్డయి, ఏందేందో మాట్లాడుతుండు. ట్యూబు కిందికి పోతుంది. నేనే వాని చేతి ఏళ్లు ఒక్కొక్కటి ఇడిపిచ్చిన."

"గప్పటికి పానం ఉండెనా?"

"ఉండె."

"గా ట్యూబుకు ఇద్దరు ఆగకపోదురా?"

"ఆగకపోదురు చెల్లె. ఇద్దరికి జాగ లేకుండె." ఆ మాట రెండుసార్లు అన్నాడు. తర్వాత కుర్చీలోంచి దిగి, మడతపడని మోకాళ్లను బలవంతంగా మడిచి కింద కూర్చుని, చేతులు జోడించి మాఫీ అడిగాడు.

ఆమె ఆయన మొహం చూడకుండా నా దిక్కు తిరిగింది.

"బిడ్డా, గా మనిషికి చెప్పు. మాఫీ ఇచ్చేటోడు నీళ్లల్ల ఉన్నడు. నాకాడ లేదది. మా అమ్మ ఉన్నప్పుడన్న వచ్చి చెప్తె, ముసల్ది గొళ్లెం పెట్టుకొని పండుకునేది."

నాకు ఆయన మీద పట్టలేని కోపం వచ్చింది. అయినా ఆ వంగిన వీపును అట్లా చూడలేక నేనే రెక్క పట్టుకుని లేపాను. మేం గడప దాటుతుంటే ఆమె పెట్టెలోంచి ఫోటో, అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బొట్టు దిద్ది కట్టు. మెడల్ సుత ఆయిన ఫోటో పక్కకే పెట్టు. గాయిన వాటితోని మాత్రం కలుపకు."

అట్టపెట్టె సీలు నేనే విప్పాను. మెడల్ నిన్ననే చేసినట్టు ఉంది, రిబ్బను మడత కూడా చెదరలేదు. ఆ నవ్వీ నవ్వని మొహం మీద బొట్టు దిద్దాను. పెత్రమాసకు ముందే ఫ్రేము తీసుకెళ్లి ఇచ్చాను. ఆ ఏడు ఆమె మూడు పేర్ల మీద బియ్యం ఇచ్చింది.

"గాయిన మక్కకు పోయిండా?" అని ఫ్రేము అందుకుంటూ అడిగింది.

"పోలేదు పెద్దమ్మా. టికెట్ వాపస్ ఇప్పించాడట."

ఆమె చీర కొంగుతో అన్న ఫోటో అద్దం తుడిచింది.

చాచా తన ఫ్రేము కోసం దీపావళి తర్వాత వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. లోతుగా కట్టిన ఫ్రేములో ఆయన మెడల్స్, మెట్‌పల్లి మెడల్, పెగడపల్లి ఇత్తడి గొట్టం అమర్చాను. ఆయన మెడల్స్ పక్కన సిరిసిల్ల దోస్తు కోసం ముందే వదిలిన చోటు ఖాళీగా కనిపిస్తోంది.

"వీటిని కొంచెం జరిపి కడతాను చాచా, ఖాళీ కనబడదు" అన్నాను.

"వద్దు, గట్లనే ఉండనియ్యి." ఆ ఖాళీ మఖ్మల్ మీద అద్దం పైనుంచి వేలు పెట్టాడు. "గా దినం చెల్లెకు అబద్ధం చెప్పిన బిడ్డా. ట్యూబుకు జాగ ఉండె. ఇద్దరం ఆగుదుము. నేనే సస్తనని బుగులువడ్డ."

ఫ్రేమును పాత పేపర్లో చుట్టి, సుతిలి కట్టి, ఆటోలో ఆయన ఒళ్లో పెట్టాను. అదే ఆఖరుసారి చూడటం. ఎండాకాలం రాకముందే పోయాడు.

ఆ కబురు చెప్పడానికి సిరిసిల్ల వెళ్లాను. ఆమె బీడీలు చుట్టడం ఆపి, గోడ మీది అన్న ఫోటో దిక్కు చూసింది.

"నేను గంత కఠినంగ అనకపోయేదుండె బిడ్డా. జాగ లేకుంటె ఆయిన మాత్రం ఏం జేస్తడు? లేకుండె గదా?"

లేకుండె పెద్దమ్మా అన్నాను.