ఇద్దరి పెళ్లి జాబితాలు, ఒకే ఫైలు

తొంభైలలో కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. టి. నగర్‌లో ఒక చీరల కొట్టు మేడ మీద, అలాంటి ఏసీ గదిలోనే నా మొదటి ఉద్యోగం. ఆరు నెలల కోర్సు పూర్తి చేశాను కనుక (సర్టిఫికెట్టుకు లామినేషన్ కూడా చేయించాను) నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లు ఇద్దరు తమ జాబితాలు మా దగ్గర దాచుకునేవారు. ఎండైనా వానైనా గొడుగు వదలని ఆవిడ గొడుగత్త. రెండో ఆయన ఖద్దరు మామ. ఇద్దరికీ పడదు. ఒకరి సంబంధాలు ఇంకొకరి కంటపడితే వ్యాపారమే పోతుంది. కానీ మాకున్న కంప్యూటరు ఒకటే, అందులో ఫైలూ ఒకటే. ప్రతి పేరు పక్కనా అది ఎవరి తాలూకో తెలిపే అక్షరం ఒకటుండేది. ప్రింటు తీసేముందు ఆ అక్షరం చూసి ఎవరివి వాళ్లకే ఇమ్మని ప్రోగ్రాంలో ఒక లైను రాయాలి. "అది మరిచావో, కొంప మునిగినట్టే" అని మా సారు రోజూ హెచ్చరించేవారు. నేను రోజూ తలూపేదాన్ని.

ఒక మధ్యాహ్నం గొడుగత్త వచ్చి, "పాపా, ఇంజనీరు పిల్లకాయలంతా వయసు వరసలో కావాల, సీక్రం" అంది. నా ప్రతిభ చూపించే అవకాశం! అప్పటికప్పుడు కొత్త ప్రోగ్రాం రాసి, ప్రింటు తీసి చేతికిచ్చాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని చదవసాగింది. కాగితం ఎప్పటికంటే రెండింతలు పొడవుందేమిటా అని అప్పుడు తట్టింది నాకు. ఆ లైను రాయలేదు.

పరుగెత్తుకెళ్లేసరికి ఆవిడ వేలు ఒక పేరు మీద, దాని పక్కనున్న ఖద్దరు మామ అక్షరం మీద ఆగి ఉంది.

"ఈడు మా పెద్దోడు కదా! ఖద్దరాయన జాబితాలోకి ఎట్ల పోయినాడు?"

సారుకు నిజం చెప్పేశాను. ఆయన వెంటనే ఖద్దరు మామకు ఫోను చేసి పిలిపించారు.

"నమ్మి ఇస్తే బజార్లో పెడతారా?" అంటూ వచ్చిన మామ, గొడుగత్తను చూసి తగ్గాడు. "మీ ఆయనే వచ్చి పేరు ఇచ్చినాడమ్మా. ఊరికంతా సంబంధాలు కుదిర్చే ఆమెకి సొంత బిడ్డ కోసమైతే ఏ పిల్లా నచ్చదంట. ఆమెకు తెలీకుండా చూడు సామీ అన్నాడు. నేను ఎవురికీ చెప్పలా."

గొడుగత్త కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"మిగతా పేర్లు చూడలా. మావోడికాడే నిలిచిపోయినా." గొంతు సవరించుకుని, "సెరి... వాడికేమన్నా తగిలిందా?"

"ఒకటుంది. దా, కూచో."

వాళ్లు బెంచీ మీద మాట్లాడుకుంటుంటే, నేను లోపల ఆ ఫైలును రెండుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో రహస్యపు మాట పెట్టాను. ఇక ఎవరి మాటతో వాళ్ల ఫైలే తెరుచుకుంటుంది, నేను ఏ లైను మరిచినా సరే. మూడు నెలలకు గొడుగత్త పెద్దకొడుకు పెళ్లయింది. నన్నూ పిలిచారు.

ఇప్పుడు వందల కంపెనీల వివరాలు ఒకే చోట ఉంచి, ఒకరివి ఇంకొకరు చూడకుండా కాపాడడమే నా ఉద్యోగం. "ఇన్నిసార్లు సరిచూడాలా మేడం?" అంటారు కొత్తగా చేరినవాళ్లు. ఆ పెళ్లి పంక్తిలో రెండోసారి పాయసం వేయించుకుంటూ, ఈ సంబంధం కుదిర్చింది తనేనని మురిసిపోయిన పిల్ల, అప్పటి నేనే, కళ్ల ముందు కదులుతుంది. దాన్ని ఇప్పటికైనా కోప్పడాలనుకుంటాను. మనసొప్పదు.