నాలుగు గిన్నెల్లో ఉప్పు

ఆయుధపూజకు ఏ ఇంటివాళ్లు ఏం చేసుకొని రావాలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పట్టీ పెట్టారు. పక్కింటి తమిళావిడకు సుండలు గుగ్గిళ్లు, మూలయింటి కన్నడంవాళ్లకు పెసరపప్పు కోసంబరి. మా ఇంటి నంబరుకు ఎదురుగా మాత్రం "కూరగాయల ట్రే, నాలుగు రకాల డిప్పులు" అని ఉంది.

పట్టీ రాసింది ఎదురింటి అమ్మాయి. విజయవాడ వైపు నుంచి వచ్చి మా హోసూరులో ఉద్యోగం చేస్తోంది. ఫోను చేసి ఇదేమిటని అడిగితే, చాలా సులువు ఆంటీ, గడ్డ పెరుగులో ఏది రుబ్బి కలిపినా డిప్పే, పిల్లా పెద్దా అందరూ తింటారు అంది. మీ చేతి పచ్చళ్లు తిన్నాక ఇంకెవరికి చెప్పమంటారని కూడా అంది. పొగిడితే పడిపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. సరేనన్నాను. ఫోను పెట్టేశాక కుర్చీలో కూర్చున్నాను.

అప్పటికి ఎనిమిది నెలలుగా నాకు వాసన తెలియదు.

మాఘమాసంలో ఈ జిల్లాలోనే ఉన్న పోచంపల్లికి, మా పుట్టింటికి పోయి జ్వరంతో తిరిగొచ్చాను. వారం రోజులకు జ్వరం తగ్గింది. లేచి కూర్చున్న మొదటి పొద్దున మా ఆయన కాఫీ కలిపి తెచ్చిస్తే, నోట్లో పోసుకుని, పొడి వెయ్యడం మరిచారా అని కసురుకున్నాను. ఆయన అదే గ్లాసు తాగి చూసి, బాగానే ఉందే అన్నాడు. ఆ రోజు వంటింట్లోకి పోయి ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకు ఆనించుకున్నాను. ఏమీ లేదు. వక్కపొడి, కర్పూరం, చివరకు కిరసనాయిలు గుడ్డ. గోడకు ముక్కు ఆనించినట్టే ఉంది. నాలుక మీద ఉప్పూ పులుపూ ఎక్కడో దూరాన తెలిసేవి గాని నమ్ముకునేంత కాదు.

ఎవరికీ చెప్పకుండా ఒక డాక్టరు దగ్గరికి పోయి వచ్చాను. రావచ్చు, రాకపోవచ్చు, రోజూ పొద్దున నిమ్మతొక్క, లవంగం వాసన చూస్తుండండి అన్నాడు. రాని వాసనను ఎట్లా చూడాలో చెప్పలేదు. అయినా చూశాను. పెరట్లో ఎవరూ లేనప్పుడు నిమ్మతొక్క గోటితో గిల్లి, గుడి ముందు కళ్లు మూసుకున్నదాని మాదిరి నిలబడేదాన్ని.

ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, అది చెప్పుకోవాలంటే మా అత్త గురించి చెప్పాలి.

మా అత్త పుట్టింటి ఊరు కల్లావి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె వంటింటి గడపలో పీట వేసుకుని కూర్చుని నా చేతుల వైపే చూస్తుండేది. ఆమెకు ఒక నియమం ఉంది. పండగ నాడు వండింది నైవేద్యం కాకముందు ఎవరూ నోట పెట్టకూడదు. చిటికెన వేలితో తాకి చప్పరించినా ఎంగిలే. మరి ఉప్పు ఎట్లా తెలిసేది? నేను గిన్నె మీదికి వంగి ఆవిరి పీల్చి చెప్పేసేదాన్ని. ఉప్పుకు వాసనేంటని నవ్వేవాళ్లుంటారు. ఉప్పు తగిలిన చారు వాసన వేరు, తగలని చారు వాసన వేరు. తెలిసినవాళ్లకు తెలుస్తుంది. నా మొదటి వరలక్ష్మీ వ్రతం నాడు ఇరవైమంది చుట్టాల ముందు మా అత్త, "దీనికి ముక్కులో నాలుక ఉండాది" అంది. ఆ రోజు నుంచి గడపలో పీట వేయడం మానేసింది. వంటిల్లు నాదైంది.

ఇరవై ఎనిమిదేళ్లు ఆ ఒక్క మాట తిని బతికాను. ఇప్పుడు ఆ ముక్కు లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పేది?

చెప్పలేదు. రెండుసార్లు అన్నం మాడితే ఫోను వచ్చిందని అబద్ధం చెప్పాను. ఒకసారి గ్యాసు సన్నగా వదిలి ఉంటే మా ఆయన పరుగెత్తుకొచ్చి కట్టేశాడు. చూసుకోకుంటే ఎట్లా అని ఆయన్నే తిట్టాను. కాని ఒకటుంది. ఇన్ని నెలల్లో ఒక్కరంటే ఒక్కరు కూర బాగాలేదనలేదు. చారు ఎప్పటిలాగే గిన్నె ఖాళీ అయ్యేది. వినాయక చవితికి వచ్చిన ఆడబిడ్డ కారం ఉండ్రాళ్లు రెండోసారి వడ్డించుకుంది. ముక్కు పోతే పోయింది, చెయ్యి మరిచిపోలేదని నాకు నేను చెప్పుకున్నాను. అంతా పోలేదు, ఇదొకటి మిగిలిందని ఆ ధైర్యం మీదే పొద్దు గడిపాను.

డిప్పుల దగ్గరికి వచ్చేసరికి ఆ ధైర్యం చాలలేదు. ఎప్పుడూ చేయనివాటికి చేతి లెక్క ఎక్కడ నుంచి వస్తుంది? ఫోనులో చూసి, కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నాను. గిన్నెకు ఒక చెంచాడు ఉప్పు, తల గొట్టి. వంటింట్లో కొలత చెంచా పట్టుకోవడం నా జన్మలో అదే మొదలు.

పని అంతా ముందురోజు సాయంత్రమే కావాలి. ఆయుధపూజ నాడు మా ఇంట్లో కత్తులు, కత్తిపీట, రోలు, మిక్సీ, మా ఆయన స్కూటరు, స్పానర్ల పెట్టె, అన్నీ స్నానం చేసి పసుపు కుంకుమ పెట్టించుకుని కూర్చుంటాయి. మర్నాడు పూజ చేసి లేపేదాకా ముట్టుకోకూడదు. సెలవంటే అసలు సెలవు వాటిదే, మనది కాదు. అందుకని పొద్దు కుంకక ముందే క్యారెట్లు, కీరకాయలు, రంగురంగుల క్యాప్సికం, నూకోలు గడ్డ వేలెడంత ముక్కలు తరిగి చల్లనీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను.

అత్త వచ్చి నిలబడి చూసింది. "పచ్చి నూకోలు ఆవుకేసేది గదమ్మా" అంది. ఇప్పుడు మనుషులకూ వేస్తున్నారన్నాను. వెల్లుల్లి మాత్రం వద్దంది, దేవుడి ముందు పెట్టేది కదా అని. కాలనీలో అందరూ తెచ్చిన వంటకాలను మొదట దేవుడి పటం ముందు పెట్టి హారతి ఇచ్చాకే పంచుతారు.

గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగును రెండు భాగాలు చేశాను. ఒకదాంట్లో పుదీనా, కొత్తిమీర, పచ్చిమిరప. ఇంకోదాంట్లో ఉడికిన బీట్‌రూటు. మూడోది వేయించిన పల్లీలు, ఎండుమిరపకాయ, చింతపండు. నాలుగోది ఉడికించిన తెల్ల సెనగలు, నువ్వులు, నిమ్మరసం. ఆకుపచ్చ, గులాబీ, ఎరుపు, తెలుపు. నాలుగు గిన్నెలు వరసగా పెట్టి చూస్తే కంటికి ముచ్చటగానే ఉన్నాయి. అలవాటు కొద్దీ పుదీనా గిన్నె మీదికి వంగాను. చల్లగా మాత్రం తగిలింది. నా ఇంట్లో, నా చేత్తో రుబ్బిన పుదీనా నాతో మాట్లాడలేదు. ఏడుపొచ్చింది. మూతలు పెట్టేశాను.

మర్నాడు తలంటుకుని, చీర కట్టుకుని వచ్చేసరికి గిన్నెలు ఫ్రిజ్ బయట బల్ల మీద ఉన్నాయి. చల్లదనం విరగాలని తీసిపెట్టినానని అత్త అంది. మంచిదేలే అనుకున్నాను.

కాలనీ గేటు దగ్గర నీళ్ల మోటారుకు, జనరేటరుకు దండలు వేశారు. కార్లకూ బండ్లకూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజారి బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టాడు. హారతి అయింది, బొరుగులూ బెల్లమూ పంచారు. నా ట్రే చుట్టూ అందరికంటే ముందు పిల్లలు చేరారు. పెద్ద పళ్లెంలో ముక్కలు వృత్తంగా పేర్చి నడుమ నాలుగు గిన్నెలు పెట్టాను. అందరూ ఫోటోలు తీసుకున్నారు.

ఒక పాప క్యారెట్టు ముక్క గులాబీ గిన్నెలో ముంచి కొరికింది. కళ్లు చిట్లించి, ముక్కను వాళ్లమ్మ చేతిలో పెట్టి నీళ్ల వైపు పోయింది. ఇంకో పిల్లవాడు పల్లీ గిన్నెలో అద్దుకుని నాలుక చొక్కాకు తుడుచుకున్నాడు. పెద్దవాళ్లు మర్యాదస్తులు. ఒక ముక్క తిని, కలర్ సూపర్ అని, కోసంబరి దగ్గరికి జరిగారు. కాసేపటికి నా ట్రే దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను. ఎదురింటి అమ్మాయి వచ్చి నా చెవి దగ్గర, ఆంటీ ఏమనుకోవద్దు, నాలుగింటిలోనూ ఉప్పు బాగా ఎక్కువైంది అంది.

నేను వేలితో తీసి నాలుకకు రాసుకున్నాను. ఎక్కడో దూరాన ఉప్పు. ఎక్కువో తక్కువో నాకు తెలియలేదు. అంతమంది ముందు నిలబడి, నేను చేసినదాని రుచి ఇంకొకరు చెబితే వినాల్సి వచ్చింది. కాగితం మీద రాసుకున్న కొలతలు గుర్తు చేసుకున్నాను. ఒక చెంచా, తల గొట్టి. రెండుసార్లు వేశానా? ముక్కుతోపాటు బుర్ర కూడా పోయిందా? నిజంగా భయమేసింది.

తిరిగి చూస్తే పళ్లెం దగ్గర కుర్చీలో మా అత్త కూర్చుని ఉంది. కీరకాయ ముక్క పుదీనాలో ముంచి తింటోంది. అది అయ్యాక ఇంకొకటి. ఆవు మేత అన్న మనిషి, బీపీకి ఉప్పు మానమని డాక్టరు చెప్పిన మనిషి, తల ఎత్తకుండా తింటోంది. నేను గిన్నె లాక్కున్నాను. ఉప్పు కషాయమంట, ఎందుకు తింటావని గట్టిగానే అన్నాను.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "నువ్వు ఉప్పేసినావా?" అని అడిగింది.

వేశానన్నాను. కొలిచి వేశానన్నాను.

"నేనూ ఏసినానమ్మా" అంది. "నువ్వు నీళ్లు పోసుకొనేకి పోయినప్పుడు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే మెల్లగా చెప్పింది. మొదట్లో ఉప్పు తగ్గితే జ్వరం నీరసంలే అని సర్దుకుందట; ఉగాది పచ్చడి నోట్లో వేసుకున్నప్పుడు ఆమెకు తెలిసిందట. ఆరు రుచుల్లో ఉప్పు లేదు. తర్వాత రెండు రోజులు చూసిందట, దేంట్లోనూ ఉప్పు చాలడం లేదు. పెరట్లో నేను నిమ్మతొక్క పట్టుకుని నిలబడడమూ చూసిందట. అప్పటి నుంచి రోజూ, నేను అటు తిరగగానే గిన్నె మూత తీసి, రుచి చూసి, తక్కువైంది కలిపి మూత పెట్టేదట.

"పండగ రోజుల్లో మాత్రం రుచి చూడను గదా. అట్లే అందాజుగా ఏసేస్తాంటిని. ఎప్పుడూ సరిపోతా ఉండె" అంది. "ఈ పొద్దు నువ్వు సరిగ్గా ఏస్తావని నాకేం తెలుసు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు మొదట వచ్చింది మాత్రం కోపం. నా చెయ్యి మరిచిపోలేదని ఎనిమిది నెలలు మురిసిపోయాను. ఉప్పు ఎక్కువవుతుందేమోనన్న భయానికి ఆ చెయ్యి రోజూ వెనక్కి తగ్గుతూనే ఉంది, నాకు తెలియలేదు. ఆడబిడ్డ రెండోసారి వడ్డించుకున్నది నా చేతి వంట కాదు. మిగిలిందనుకున్న ఆ ఒక్కటీ నాది కాదు.

మరి నన్నెందుకు అడగలేదు అన్నాను.

"నువ్వు చెప్తావేమోనని చూస్తాంటిని" అంది.

గిన్నెలు మూతలు పెట్టి ఇంటికి మోసుకొచ్చాను. కత్తీ మిక్సీ పూజలో ఉన్నాయి, డిప్పులను బాగుచేసే దారీ లేదు. ఫ్రిజ్‌లో అట్లాగే పెట్టేశాను. మధ్యాహ్నం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన లేచి పోయి గ్యాసు కట్టి ఉందో లేదో చూసి వచ్చాడు.

మర్నాడు విజయదశమి. మిక్సీకీ కత్తులకూ మళ్లీ పూజ చేసి లేపాలి, దానికి పులిహోర నైవేద్యం. అన్నం ఆరబెట్టి, చింతపండు గుజ్జు కలిపి, ఇంగువ పోపు వేశాను. ఉప్పు డబ్బా తెరిచాక చెయ్యి ఆగిపోయింది. చెంచా తీసుకున్నాను, కింద పెట్టాను. చిటికెడు తీసి, మళ్లీ డబ్బాలోనే వదిలాను. ఎంతసేపు అట్లా నిలబడ్డానో తెలియదు.

గడపలో పీట చప్పుడైంది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత మా అత్త ఆ పీట తెచ్చి వేసుకుని కూర్చుంది. కుడి అరచెయ్యి చాపింది.

"వెయ్యి" అంది.

నైవేద్యం కాలేదత్తా అన్నాను.

"ఆయప్పకు నేను చెప్పుకుంటాలే. వెయ్యి."

నాలుగు మెతుకులు ఆమె చేతిలో పెట్టాను. నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, నిదానంగా నమిలింది. జన్మలో మొదటిసారి దేవుడి కంటే ముందు తింది. ఇంకా రవ్వంత పడుతుందని చెప్పింది. డబ్బా మాత్రం తను ముట్టుకోలేదు. నేను చిటికెడు తీసి చూపించాను. తల అడ్డంగా ఊపింది. ఇంకాస్త తీశాను. చాలు అంది.

కలిపి దేవుడి ముందు పెట్టాను. అంతలో బయట నుంచి వచ్చిన మా ఆయన చెప్పులు విడుస్తూ, ఇంగువ వాసన వీధి చివరిదాకా వస్తోందన్నాడు.

వచ్చే ఉంటుంది.