కొబ్బరిపీచు చాప మీద ఆడినాయన

మా పక్కింటి పెద్దాయన మొన్న మంగళవారం పొద్దున పోయారు. కంచె అవతల నిలబడి వాళ్ళమ్మాయి చెప్పింది. రోజువారీ జమాఖర్చులు తప్ప రాత అలవాటు లేనివాణ్ణి. ఆయన గురించి మాత్రం రాయాలనిపించింది.

ఆయన పుట్టింది దక్షిణాఫ్రికాలో, డర్బన్ దగ్గర. చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ మనవడు. కూతురి కోసం న్యూజిలాండ్‌లోని ఈ లోవర్ హట్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మేం కొత్తగా దిగిన చలికాలంలో మా పొయ్యికి కట్టెలు కొట్టి పెట్టింది ఆయనే. ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడేవారు. ఇష్టమైన మాటలు మాత్రం తాతలనాటి తెలుగులో వచ్చేవి.

వయసులో ఉన్నప్పుడు వేసవిలో క్రికెట్, చలికాలంలో ఫుట్‌బాల్, మధ్యలో టెన్నిస్ ఆడేవారట. క్రికెట్లో బౌలింగూ చేసేవారు, వికెట్ల వెనకా నిలబడేవారు. "నా బంతి నేనే పట్టుకునే వీలు లేకపోయింది తమ్ముడూ," అని నవ్వేవారు.

గడ్డి పిచ్‌లున్న మైదానాలు అప్పట్లో తెల్లవాళ్ళకే. వీళ్ళు కంకర నేల మీద కొబ్బరిపీచు చాప పరిచి, అంచుల్లో మేకులు కొట్టి ఆడేవారు. చాప బిగించడం ఆయన పని. "ముడతుంటే బంతి అబద్ధమాడుతుంది," అనేవారు. ఇక్కడి పిక్నిక్కుల్లో కూడా జంపఖానా ముడతలు పోయేదాకా ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు. బిర్యానీ గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్ళం.

ఒక్కసారైనా గడ్డి పిచ్ మీద బ్యాటు పట్టాలని ఆయన కోరిక. ఒక శనివారం మా తెలుగు జట్టుకి ఒక మనిషి తక్కువయ్యాడు. తను దిగుతానన్నారాయన. మోకాలి ఆపరేషన్ అయింది, పడితే మళ్ళీ లేవలేవని కూతురు వద్దంది.

"ఒక్క బంతమ్మా," అన్నారు.

ఆమె వంగి ఆయన కాళ్ళకు ప్యాడ్లు తనే కట్టింది.

ఆఖర్న దిగారు. ఆడకుండా పిచ్ పొడవునా వంగి వెతుకుతుంటే, ఏం పోయిందని అంపైర్ అడిగాడు. మేకులేవైనా పైకి లేచాయేమోనని చెప్పి, తనే నవ్వేశారు. మొదటి బంతిని నిదానంగా అడ్డుకున్నారు. రెండోది వికెట్లు పడగొట్టింది.

ఆయన ప్యాడ్లు విప్పుతూ, గడ్డి ఎలా ఉందని అడిగాను.

"మెత్తగా ఉంది తమ్ముడూ, బాగుంది," అన్నారు. బూటుకంటిన గడ్డి దులుపుకుంటూ, "చాపయితే మేం పరుచుకున్నది," అన్నారు.

నిన్న వాళ్ళింట్లో అందరం చేరాం. హాల్లో పరిచిన జంపఖానా ఒక పక్క ముడతపడి ఉంది. ఎవరూ కూర్చోలేదు. వాళ్ళమ్మాయి ఒక మూల పట్టుకుని నా వైపు చూసింది. నేను వంగి ఎదుటి మూల పట్టుకున్నాను. ఇద్దరం లాగాం.