తాళం వేసిన ఇళ్లూ, కనబడని గ్రహాలూ

కరెంటు పోయి వాడలోని సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే ఇప్పటికీ నా చెవులు గుయ్యిమంటాయి. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలనే అంటాం. అవి నడుస్తున్నంతసేపూ పక్కమనిషి మాట వినపడదు. అందుకే మా ఇంటి మేడమీద అద్దెకున్న సుల్తానా మేడమ్‌తో నా మాటలన్నీ కరెంటు పోయినప్పుడే. ఆమెది కోరుట్ల, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేది. నేను బడి మానేసి పాత పుస్తకాలు ఏరుకొని చదివినవాణ్ణి. తలబిరుసు ఎక్కువ. ఆమె నన్ను ఒక్కనాడూ తక్కువ చేయలేదు, ఊరికే ఒప్పుకోనూ లేదు.

వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గురించి ఆమె చదువుతుండేది. "గ్రహం మనకు కనపడదు మల్లేశమన్నా. నక్షత్రం ముంగటికెల్లి పోయినప్పుడు వెలుగు జరంత తగ్గుతది. ఎంత తగ్గిందో చూసి గ్రహం ఎంత పెద్దదో లెక్క కడ్తరు" అంది ఒకనాడు.

"దోమ అడ్డమొచ్చినా తగ్గుతది గద మేడమ్" అన్నాను.

"గందుకే ఒక్కసారికి నమ్మరు. మళ్ళమళ్ళ గన్నే దినాల ఎడంతోని, గంతే తగ్గాలె. అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తరు. అప్పుడు గూడ గింతే అనరు, గింతకెల్లి గింత దాంక అంటరు."

"మరి అడ్డం రానియో?"

ఆమె మెట్టు మీద నిటారుగా కూర్చుంది. "అసలు సంగతి గదే. చానా గ్రహాలు మన చూపుకు అడ్డమే రావు. కనపడ్డవాటినే లెక్కపెట్టి ఆకాశంల గిన్నే ఉన్నయంటె తప్పు. రానివి ఎన్నుంటయో అంచనా కట్టి కలుపాలె."

ఆ ఏడు నూలు ధర పెరిగింది, గుడ్డ అడిగేవాళ్లు లేరు. మా వాడ సగం పని కోసం మహారాష్ట్రలోని భివండికీ గల్ఫ్‌కూ పోయింది. నా తమ్ముడు రాజేశం కూడా సాంచాల మీద గోనెసంచులు కప్పి, ఇంటికి తాళం వేసి పోయాడు. ఎదురింటాయన ఉరేసుకుంటే భార్య పుట్టింటికి పోయింది. అప్పుడొచ్చాడు సాంచాలు లెక్కపెట్టే సర్వే అధికారి. తాళం కనపడితే "నేత లేదు" అని రాసుకుంటూ పోతున్నాడు. అట్లా రాస్తే కరెంటు రాయితీ పోతుంది. తమ్ముడు తిరిగొచ్చినా సాంచా నడపలేడు. పైగా ఆయన, "మీ వాడ మంచిగనే ఉంది. తలుపు తీసినోళ్లందరి సాంచాలు నడుస్తున్నయ్" అన్నాడు.

నా ఒళ్లు మండింది. కాలర్ పట్టుకునేవాణ్ణే. మేడమ్ మెట్ల మీద నుంచే, "కొడితే గాయన కొట్టిన సంగతే రాసుకొని పోతడు. నన్నడిగిన ముచ్చటే గాయనను అడుగన్నా" అంది.

అడిగాను. "సార్, నడిచేటోళ్లే తలుపు తీస్తరు. నడువనోళ్లు ఊర్లనే లేరు. కనపడ్డోళ్లను చూసి అందరూ మంచిగున్నరని ఎట్ల రాస్తవ్?"

"లేనోళ్లను నేనెట్ల లెక్కపెట్టాలె పెద్దమనిషీ?"

"నేను చూపిస్త, నడువు."

ఒక్కో తాళం ముందు నిలబెట్టి, ఆ ఇంట్లో ఎవరుండేవారో, ఎక్కడికి పోయారో పక్కింటివాళ్లతో చెప్పించాను. వాళ్ల మాటలు కలవని చోట ఆయన మళ్లీ "లేదు" అని రాయబోతే మేడమ్ ఆపింది. "తెలువదని రాయుండ్రి సార్. రెండూ ఒకటి కాదు." తమ్ముడి సాంచాలు లెక్కలో నిలిచాయి. ఎదురింటి తాళం దగ్గర ఆ ఇంటాయన ఏమయ్యాడో నేనే చెప్పి రాయించాను.

ఆ తర్వాత మేడమ్ బదిలీ మీద జగిత్యాల పోయింది, కొన్నేళ్లకు అక్కడే కాలం చేసింది. నా కోపం మాత్రం తగ్గలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమె చూపించింది, అంతే. మొన్న ఒక అమ్మాయి ఫోన్ పట్టుకొని సర్వేకు వచ్చింది. "తాతా, గా తాళమున్న ఇల్లు ఖాళీ అని పెట్టాల్నా?" అని అడిగింది.

"ముందుగాల పక్కింట్ల అడుగుదాం పా, బిడ్డా" అని చెప్పులేసుకున్నాను.