కిటికీ సొమ్ముతో కొన్న నది

డబ్బు పుచ్చుకొని అమ్మిన కంప్యూటర్ ఆటలోకి, కొన్నవాడిని రానివ్వడం మానేశారు. జరిగిన అన్యాయం ఇది. ఒక సాయంత్రం పళ్ళ మేస్త్రి కంప్యూటర్ తెరిచేసరికి, రోజూ నది కనిపించే చోట ఒక వాక్యం కనిపించింది: ‘మీ గ్రాఫిక్స్ కార్డు ఈ కొత్త రూపానికి సరిపోదు.’ పాత రూపం ఏమైందో చెప్పే వాక్యం ఎక్కడా లేదు.

పళ్ళ మేస్త్రి అంటే కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. పగలంతా ఎవరెవరి నోళ్ళకో పలువరుసలు అరగదీసి, మెరుగుపెట్టి డాక్టరుకు పంపుతాడు. ఆ నోళ్ళు నవ్వగా అతను చూసింది లేదు. అతని అద్దెగదికి కిటికీ లేదు. సాయంత్రాలు ఆటలో కలిసే ఇద్దరు తప్ప పలకరించే దిక్కూ లేదు: ఎక్కడో లారీలకు టైర్లు మార్చే ‘బావ’, బేకరీలో పనిచేసే ‘అక్క’. ముగ్గురూ ఎన్నడూ ముఖాలు చూసుకోలేదు. గుర్రాలు తోలుకుంటూ నది ఒడ్డుకు చేరి, కబుర్లలో పడటమే వాళ్ళ ఆట.

“బావా, నీ గుర్రం మళ్ళీ నీళ్ళలో పడింది!” అనేవాడు మేస్త్రి.

“పడలేదులే బావా, స్నానం చేస్తోంది. దానికున్న శుభ్రత నీకెక్కడిది?”

“మీరిద్దరూ కాసేపు నోరు మూసుకుంటే నాకో చేప పడుతుంది,” అనేది అక్క.

ఆ గొంతుల కోసమే అతను, తెర మీద బొమ్మలు చూపించే ఆ కార్డు కొత్తది కొనడానికి దుకాణానికి వెళ్ళాడు. కిటికీ ఉన్న గదికి మారాలని, అడ్వాన్సు కోసం కూడబెట్టిన సొమ్మంతా బల్ల మీద పెట్టాడు. అమ్మేవాడు అట్టపెట్టెను పసిబిడ్డలా రెండు చేతులా తెచ్చాడు.

“ఇంతకన్నా తక్కువలో లేదా?”

“ఉంది సార్. కానీ వచ్చే ఏడాదికి అదీ చాలదంటారు. దీంట్లో అయితే ఆకు మీద నీటిబొట్టు కూడా కనిపిస్తుంది.”

“నీటిబొట్టుతో నాకేం పని బాబూ? మా వాళ్ళు కనిపిస్తే చాలు.”

అమ్మేవాడు అబద్ధమాడలేదు. ఇంటికొచ్చి కార్డు బిగించి ఆట తెరవగానే నది మీద వెలుగు వణికింది. గుర్రం జూలులో వెంట్రుకలు విడివిడిగా ఊగాయి. పళ్ళ రంగుల్లో తేడాలు వెతికే ఆ కళ్ళకు నీళ్ళలో ఎన్ని ఆకుపచ్చలున్నాయో తెలిసింది. ఒడ్డున మాత్రం ఎవరూ లేరు. తెర మూలన అక్క పేరు, బావ పేరు రెండూ, వాళ్ళు ఆటలో లేరని చెబుతూ వెలవెలబోయి ఉన్నాయి. తనొక్కడే కొంటే చాలదన్న సంగతి అప్పటిదాకా తట్టనేలేదు.

ఎప్పుడో ఇచ్చిపుచ్చుకున్న బావ నంబరుకు తొలిసారి ఫోన్ చేశాడు.

“ఆ కార్డు రేటుకి మా ఇంట్లోకి ఫ్రిజ్జూ, మంచమూ రెండూ వస్తాయి బావా,” అన్నాడు బావ. “అక్క అయితే కంప్యూటరే అమ్మేసింది. పోనీలే, నువ్వు చూసి చెప్పు. ఎలా ఉంది మన నది?”

“బాగుంది.”

“నా గుర్రం?”

పళ్ళ మేస్త్రి తెరంతా వెతికాడు. “స్నానానికి వెళ్ళినట్టుంది.”

అవతల నవ్వు, ఆ వెనకే టైరు దొర్లిన చప్పుడు. “ఉంటా బావా, బండి వచ్చింది.”

ఫోన్ పెట్టేశాక కూడా నది పారుతూనే ఉంది.

ఆట కంపెనీ యజమానులారా, ఆ ముగ్గురి కార్డులూ సరిపోతాయని ఆట పెట్టె మీద అచ్చువేసి అమ్మింది మీరు. సొమ్ము చేతిలో పడ్డాక షరతు మార్చే అధికారం మీకెవరిచ్చారు? మీ నీటిబొట్లు కావలసినవాళ్ళకు అమ్ముకోండి. పాత రూపాన్ని మాత్రం తిరిగి తెరవండి. ఆ ఒడ్డున ఒక మనిషి ఒంటరిగా కూర్చున్నాడు; మిగతా ఇద్దరినీ అతని దగ్గరకు రానివ్వండి.